పికాడో 120 దగ్గర ఆగిపోయింది: ఫ్లమెంకో గిటార్ పుట్టుకతో రావాలా, సాధనతో వస్తుందా?

ఆరో తీగ

అందరికీ నమస్కారం. క్లాసికల్ గిటార్ నుంచి స్పెయిన్ వాళ్ళ ఫ్లమెంకో సంగీతం వైపు వచ్చినవాణ్ణి. సొలెయా, టాంగోస్ అనే ఫ్లమెంకో రకాల్లో కొన్ని ఫాల్సేటాలు (గిటార్ మీద వాయించే చిన్న రాగ ముక్కలు) నెమ్మదిగా వాయిస్తే శుభ్రంగానే పలుకుతున్నాయి. చిక్కంతా రెండు చోట్ల.

ఒకటి, పికాడో, అంటే రెండు వేళ్ళు మార్చి మార్చి ఒక్కో స్వరం వేగంగా మీటడం. మెట్రోనోమ్ 120 మీద పెట్టి బీట్‌కి నాలుగు స్వరాలు వాయించగలను. 126కి పెంచితే చెయ్యి బిగుసుకుపోతుంది, స్వరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండేసి బీపీఎం (నిమిషానికి బీట్లు) పెంచుకుంటూ పోయే పద్ధతి 120 దాకా బాగానే పనిచేసింది. ఆ తర్వాత కదలడం లేదు.

రెండు, బులెరియాస్, అంటే 12 మాత్రల వేగమైన ఫ్లమెంకో రకం. పాల్మాస్ (చప్పట్ల లయ) ట్రాక్ పెట్టుకుని వాయిస్తే రెండు మూడు ఆవర్తాలు సరిగ్గానే సాగుతుంది. తర్వాత చూస్తే నేను ట్రాక్ కంటే ముందుంటాను. ఎక్కడ తప్పుతున్నానో రికార్డింగ్ విన్నా తెలియడం లేదు.

ఎవర్నడిగినా ఒకటే మాట: అది దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియా వాళ్ళ రక్తంలో ఉంటుంది, గిటారిస్టు పాకో దె లుసియా లాంటివాళ్ళు పుడతారు గానీ తయారవరు అని. నిజంగా అంతేనా? ఇందులో పుట్టుకతో రావాల్సింది ఎంత, కూర్చుని సాధిస్తే అబ్బేది ఎంత? సాధనతో వచ్చేదైతే దేన్ని ఎలా సాధించాలి? వేమన పద్యం ఒక్కటి తప్ప ఏదైనా చెప్పండి, అది వచ్చు.

పాల్మాస్ సోర్దాస్

"టాలెంట్" అని ఒక్క మాటతో సరిపెడితే తేలదండీ. ఫ్లమెంకో గిటారిస్టులో జనం మెచ్చుకునేవి వేలి వేగం, కొంపాస్ (లయ చక్రం) మీద పట్టు, విన్నది చేతిలోకి తెచ్చుకునే చెవి, స్పెయిన్ వాళ్ళు ఐరే అనే వాయింపు తీరు. ఇవి వేటికవే వేరు, ఒకటుంటే మిగతావి ఉంటాయనేం లేదు. శరీరం గట్టిగా హద్దు పెట్టేది వేగానికి. ఆ హద్దు కూడా మీరు ఆగిపోయిన చోట లేదు.

లెక్క చూడండి. 120 మీద బీట్‌కి నాలుగంటే సెకనుకి 8 స్వరాలు. చూపుడు వేలు, నడిమి వేలు మార్చి మార్చి మీటుతాయి కాబట్టి ఒక్కో వేలికి సెకనుకి 4. ఏ శిక్షణా లేని మామూలు మనిషి చూపుడు వేలితో సెకనుకి 5 సార్లు దాకా తట్టగలడు. నరాల వైద్యులు చేసే వేలి పరీక్షలో 10 సెకన్లకి 50 అటూ ఇటూ వస్తే మామూలే. రెండు వేళ్ళకీ ఐదేసి చొప్పున సెకనుకి 10, అంటే 150 బీపీఎం. నడిమి వేలు కాస్త మందం, తీగని మీటడం బల్ల తట్టడం కంటే కష్టం. ఆ రెండూ తీసేసినా 135, 140 దాకా మామూలు చేతికి అందాలి. కాబట్టి 120 దగ్గర మిమ్మల్ని పట్టి ఆపుతున్నది పద్ధతి. 180 పైన మాత్రం పుట్టుక మాట్లాడుతుంది, అక్కడ వాదనేం లేదు.

ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. రెండో తీగ ఖాళీగా ఉంచి, చూపుడు వేలు ఒక్కదానితో అపొయాండో మీటండి, అంటే మీటిన వేలు పక్కన ఉన్న మూడో తీగ మీద వాలాలి. 10 సెకన్లలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. తర్వాత నడిమి వేలుతో. రెండూ 45 దాటి, కలిపి వాయిస్తే మాత్రం 80 దగ్గర ఆగిందంటే వేళ్ళ బలంలో లోటు లేదు, ఒకటి వెళ్ళేటప్పుడు రెండోది రావడంలో ఉంది.

అక్కడ జరిగే పొరపాట్లు ఎక్కువగా మూడు. మొదటిది, మీటిన వేలు పక్క తీగ మీద వాలి అక్కడే నొక్కుకుని ఉండిపోవడం. నెమ్మదిగా వాయించేటప్పుడు ఇది కనపడదు, పైగా గట్టిగా, నిండుగా పలుకుతున్నట్టుంటుంది. వేగం పెరిగేసరికి తిరిగి లేవడానికి టైం చాలదు. ఒక వేలు మీటుతున్న క్షణంలోనే రెండో వేలు పక్క తీగని వదిలి పైకి లేచి ఉండాలి. రెండోది, గోరు తీగ కిందికి లోతుగా దిగడం. మిల్లీమీటరు దిగితే చాలు. మూడోది, కదలిక వేలి కొస కణుపు నుంచి రావడం. అరచేతిని కలిసే పెద్ద కణుపు నుంచి వేలంతా ఊగాలి, కొస కణుపు కొంచెం గట్టిగా నిలబడాలి. బొటనవేలు ఆరో తీగ మీద ఊరికే ఆనించి ఉంచండి. దాన్ని బిగిస్తే మణికట్టు దాకా బిగుస్తుంది.

ఇప్పుడు రెండేసి బీపీఎం సంగతి. నెమ్మదిగా వాయించే కదలికా, వేగంగా వాయించే కదలికా ఒకటి కావు. నడక కొంచెం కొంచెం పెంచుకుంటూ పోతే పరుగైపోదు కదా, ఒక చోట అడుగు వేసే తీరే మారాలి. 60 నుంచి 120 దాకా మీరు నడకనే పెంచుకుంటూ వచ్చారు. అందుకే చిన్న చిన్న ముక్కలుగా, కావాల్సిన వేగంలోనే సాధన చెయ్యాలి.

మెట్రోనోమ్ 150 మీద పెట్టండి. ఖాళీ తీగ మీద ఒక బీట్‌లో నాలుగు స్వరాలు, తర్వాతి బీట్ మీద ఐదోది పడగానే ఆపెయ్యండి. మొత్తం ఐదే. తర్వాత మూడు బీట్లు చెయ్యి పూర్తిగా వదులు, భుజంతో సహా. ఇలా 20 సార్లు, సగం చూపుడు వేలితో మొదలుపెట్టి, సగం నడిమి వేలితో. ఐదో స్వరం సరిగ్గా క్లిక్ మీద పడిందా అన్నది ఒక్కటే చూడండి. శబ్దం మధ్యస్థంగా ఉంటే చాలు. అది నిలకడగా వచ్చాక రెండు బీట్లకి 9 స్వరాలు, మూడింటికి 13, నాలుగింటికి 17. 17 వచ్చాకే ఎడమ చెయ్యి కలపండి, అదీ ఒకే తీగ మీద. తీగలు మారడం చివరికి. ముక్క చెడిపోతే వేగం తగ్గించకండి, ముక్క పొడుగు తగ్గించండి.

ఇదంతా రోజుకి 10 నిమిషాలు మించక్కర్లేదు. ముంజేయి వేడెక్కిందంటే ఆ పూటకి అయిపోయినట్టే. బిగుసుకున్న చేత్తో గంట వాయిస్తే చెయ్యి నేర్చుకునేది బిగుసుకోవడమే.

తకిట తక

పైన చెప్పింది పికాడోకి సరిపోయింది. నేను బులెరియాస్ సంగతి ఎత్తుకుంటాను, ఎందుకంటే మీ అసలు సమస్య అదే. పికాడో 120లో ఉన్నా వినేవాళ్ళుంటారు. కొంపాస్ తప్పితే పాడేవాడు పాట ఆపేస్తాడు.

బులెరియాస్‌లో 12 మాత్రలు, లెక్క 12తో మొదలవుతుంది: 12, 1, 2, 3 అలా 11 దాకా. ఊనికలు 12, 3, 6, 8, 10 మీద. మృదంగం వినే మన చెవికి దీన్ని జతుల్లో చెప్తే క్షణంలో ఎక్కుతుంది:

తకిట తకిట తక తక తక

3, 3, 2, 2, 2. ప్రతి ముక్క మొదటి అక్షరం సరిగ్గా ఆ ఊనికల మీదే పడుతుంది. సెగిరియా అనే ఇంకో రకంలో ఇదే చక్రాన్ని 8 దగ్గర ఎత్తుకుంటారు, అప్పుడు అది తక తక తకిట తకిట తక. సొలెయాకీ, అలెగ్రియాస్‌కీ ఊనికలు ఇవే, లెక్క మాత్రం 1 నుంచి ఎత్తుకుంటారు. 1980లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పాకోతో కలిసి వాయించిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అంతకు ముందే మన సంగీతం కలిపి వాయించే శక్తి బృందంలో వినాయక్‌రామ్ ఘటం పక్కన కూర్చున్నవాడు. కాబట్టి ఈ రెండు లెక్కల చుట్టరికం కొత్తగా కనిపెట్టిందేం కాదు.

అయితే మన తాళం తెలిసినవాళ్ళు పడే గొయ్యి కూడా ఇక్కడే ఉంది. రూపకం రెండు ఆవర్తాలు వేస్తే 12 అక్షరాలే కదా అని కూర్చుంటారు. అక్షరాల లెక్క కలుస్తుంది, బరువు పడే చోటు కలవదు. మనకి పల్లవి ఎక్కడ తిరిగినా సమానికో (ఆవర్తం మొదటి దెబ్బకో) ఎడుపుకో (పాట ఎత్తుకునే చోటుకో) వచ్చి చేరుతుంది. బులెరియాస్‌లో మాట ముగిసేది 10 మీద. 11 మీద ఖాళీ, లేదా చిన్న దెబ్బ. 12 మీద మళ్ళీ ఎత్తుగడ. ఫాల్సేటా 10 మీద ముగిసిందనగానే లోపల సమం వచ్చేసిందన్న భావన కలుగుతుంది, దాంతో వెంటనే తర్వాతి ముక్క ఎత్తేస్తారు. అంటే 11ని మింగేశారన్నమాట. మీరు ట్రాక్ కంటే వెనకబడకుండా ముందుకే పోతున్నారు చూడండి, అది దీని లక్షణమే. రికార్డింగ్‌లో మొత్తం వినకండి. 10 తర్వాత వచ్చే రెండు మాత్రలు మాత్రం వేలు మడిచి లెక్కపెట్టండి, దొరికిపోతుంది.

సరిచేసే పద్ధతి గిటార్ లేకుండా మొదలవుతుంది. నోటితో జతి, చేతులతో పాల్మాస్, కాలితో తట్టు. ముందు చప్పట్లు ఐదు ఊనికల మీద. తర్వాత నోరు ఊనికలు చెప్తూ చేతులు మొత్తం 12 మాత్రలూ కొట్టాలి. తర్వాత కాలు మార్చండి: ఒకసారి 12, 3, 6, 9 మీద మూడేసి చొప్పున, ఇంకోసారి 12, 2, 4, 6, 8, 10 మీద రెండేసి చొప్పున. రెండో రకం తట్టులో రెండో తకిట అడుగుకీ అడుగుకీ మధ్యలో పడి గింజుకుంటుంది. ఆ గింజులాటే బులెరియాస్. పైన తకిట తకిట తక తక తక చెప్తూ కింద రెండేసి తట్టు ఆగకుండా ఐదు నిమిషాలు నడిస్తే సగం పని అయిపోయింది.

తర్వాతే గిటార్. ఎడమ చేత్తో తీగలు మూసేసి, కుడి చూపుడు వేలితో పైకీ కిందికీ మాత్రమే కొట్టండి. రాస్గేయాదో (వేళ్ళు వరసగా విప్పుతూ తీగలన్నీ కొట్టడం) వద్దు. ప్రతి 10 మీద గట్టి దెబ్బ, 11 మీద చెయ్యి గాల్లో. ఆ గాల్లో ఉన్న చెయ్యి కళ్ళకి కనపడాలి. ఫాల్సేటాల మధ్య కనీసం రెండు కొంపాస్‌లు ఇలా దెబ్బలతో నింపండి. ఫాల్సేటా మీద ఫాల్సేటా అతికించుకుంటూ పోవడం నేర్చుకునేవాళ్ళ జబ్బు. అండలూసియాలోని హెరెస్‌లో మొరాయీతో అనే గిటారిస్టు వాయింపు విన్నవాళ్ళకి తెలుసు, గంటసేపు వినాలనిపించేది ఆ మధ్యలో కొట్టే దెబ్బలే.

బులెరియాస్ 200 పైన పరుగెత్తుతుంది కాబట్టి మొదట సొలెయాలో స్థిరపడండి. మాత్రకి 70, 80 బీపీఎం చాలు. మొదట క్లిక్ 12 మాత్రల మీదా, తర్వాత ఐదు ఊనికల మీదే, ఆ తర్వాత 12 మీద ఒక్కటే. 3 మీద ఎఫ్ కార్డుకి వెళ్ళి 10 మీద ఈ (E) కార్డుకి దిగడం చెవికి ఇంటికొచ్చినట్టు అనిపించేదాకా వేరే జోలికి పోవద్దు.

చెవి సంగతి కూడా ఒక ముక్క. సొలెయా మెట్లు ఈ (E) స్వరాన్ని షడ్జమంగా పెట్టుకుంటే హనుమతోడి స్వరాలే. కానీ ముగింపు కార్డులో అంతర గాంధారం ఉంటుంది, దాంతో వకుళాభరణం తొంగిచూస్తుంది. రెండు గాంధారాలూ ఒకే ఫాల్సేటాలో వస్తాయి. తోడి అలవాటుతో గాంధారాన్ని ఊపకండి, ఇక్కడ మెట్టు మెట్టుగానే నిలవాలి. ఫాల్సేటాని నోటితో పాడగలిగాకే చేతికి ఇవ్వండి.

మొరోన్ వీధి

ఇద్దరూ బాగా చెప్పారు గానీ, చదువుతుంటే సాధన ఉంటే చాలు అన్నట్టు ధ్వనిస్తోంది. కొంచెం అడ్డం పడతాను.

సాధన పక్షం వాళ్ళు చూపించే లెక్క 1993లో ఎరిక్సన్ బృందం బెర్లిన్ సంగీత అకాడమీ వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనం. అందరికన్నా బాగా వాయించేవాళ్ళు 20 ఏళ్ళకి సగటున 10,000 గంటలు దాటారు. ఆ 10,000ని తర్వాత జనం తారకమంత్రం చేసేశారు. అది సగటు, అది దాటితే నిపుణులైపోతారని ఆ పరిశోధకులు చెప్పలేదు. 2014లో మెక్‌నమారా బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో సాధన గంటలు వివరించగలిగింది 21 శాతం. మిగతాదంతా పుట్టుకే అని కాదు, అందులో గురువు, మొదలుపెట్టిన వయసు, సాధన నాణ్యత, కొలతల్లో పొరపాట్లు అన్నీ ఉన్నాయి. అదే ఏడాది స్వీడన్‌లో కవలల మీద వచ్చిన అధ్యయనంలో, సాధన చేసే బుద్ధికే వంశం పాలు ఉందని తేలింది. అందులో కొలిచింది శ్రుతినీ లయనీ చెవి ఎంత బాగా విడదీస్తుందన్నది, వాయింపు కాదు. ఈ తేడా చెప్పకుండా దాన్ని వాడేవాళ్ళు చాలామంది.

ఇక పాకో. 1947లో ఆల్హెసీరాస్‌లో పుట్టాడు. తండ్రి అంటోనియో గిటార్‌తో ఇల్లు నడిపినవాడు, అన్న రామోన్ గిటారిస్టు, ఇంకో అన్న పెపే పాటగాడు. చిన్నప్పుడే బడి మాని రోజంతా గిటార్ పట్టుకున్నాడు. ఇందులో రక్తం ఏది, ఇల్లు ఏది, గంటలు ఏవి అని విడదియ్యండి చూద్దాం. పైగా మొదట్లో వాయించింది అన్న నేర్పిన, పాత తరం గిటారిస్టు నీన్యో రికార్దో బాణీయే. కుర్రాడిగా న్యూయార్క్ వెళ్ళినప్పుడు సబీకాస్ అనే పెద్ద గిటారిస్టు అతని వాయింపు విని, సొంతంగా కట్టుకోమని చెప్పాడు. అనుకరణ అరిగిపోయేదాకా చేశాకే సొంత గొంతు వచ్చింది. ఆ సబీకాస్ సొంతూరు పంప్లోనా, అండలూసియాకి చాలా దూరం, స్పెయిన్ ఉత్తర కొస. మరో గొప్ప గిటారిస్టు రామోన్ మొంతోయాది మాద్రిద్. మన కాలంలో గ్రీషా గొర్యాచెవ్ రష్యాలో పుట్టి, తండ్రి దగ్గర నేర్చుకుని, సబీకాస్, పాకో రచనల్ని అదే వేగంలో వాయిస్తాడు. రక్తం వాదానికి వీళ్ళతో చెల్లు.

హెరెస్‌లో సాంతియాగో, సాన్ మిగెల్ పేటల పిల్లలకి కొంపాస్ పుట్టుకతో వస్తుందనేది కూడా ఇలాంటిదే. పెళ్ళికీ బారసాలకీ పాల్మాస్ కొట్టే ఇంట్లో పెరిగిన పిల్లకి ఐదేళ్ళకే 12 మాత్రల చక్రం మాటలాగా వచ్చేస్తుంది. దాన్ని సాధన అని ఎవరూ రాసిపెట్టుకోరు కాబట్టి ప్రతిభలా కనపడుతుంది. ఆరో తీగ గారూ, మీకు తక్కువైంది ఆ వినికిడి. రోజూ వాయించే టైంలో సగం వినడానికి ఇవ్వండి, అదీ సోలో గిటార్ కాదు, పాట. పాట వెనక వాయించే గిటార్. ఫ్లమెంకోలో పాతకాలపు క్రమం కూడా అదే: ముందు నాట్యానికి వాయించాలి, తర్వాత పాటకి, చివరికి ఒంటరిగా. మనం నేర్చుకునేది సరిగ్గా తిరగేసి.

మరి పుట్టుకతో వచ్చేది ఏమీ లేదా అంటే, ఉంది. అండలూసియాలోని మొరోన్‌లో ఉండిన గిటారిస్టు దియెగో దెల్ గాస్తోర్ పాత రికార్డింగులు వినండి. వేగం లేదు, హంగు లేదు, బొటనవేలితో నాలుగు స్వరాలు. వాటి మధ్య ఎంతసేపు ఆగాలో ఆయనకి తెలిసినట్టు ఇంకొకరికి తెలియలేదు. మెల్చోర్ దె మార్చేనా సెగిరియాకి వాయించినదీ అంతే. దాన్ని ఏ మెట్రోనోమూ నేర్పదు. కానీ అది లేదని గిటార్ కింద పెట్టెయ్యాల్సిన అవసరం లేదు, ఆ ఇద్దరి పక్కన నిలబడగలిగినవాళ్ళు స్పెయిన్‌లోనే కొద్దిమంది.

ఆరో తీగ

చాలా సంతోషం అండీ. తకిట తక గారూ, దొరికింది. 11 నిజంగానే మింగుతున్నాను, అదీ ఫాల్సేటా చివర మాత్రమే.

పాల్మాస్ సోర్దాస్ గారూ, మీరు చెప్పిన పరీక్షలో చూపుడు వేలు 51, నడిమి వేలు 46. ఐదు స్వరాల ముక్క 150లో వస్తోంది. ఇంకో రెండు అడుగుతాను. తీగ మారేటప్పుడు, అందులోనూ ఒకటో తీగ నుంచి రెండోదానికి దిగేటప్పుడు తడబాటు ఎక్కువ. అల్సాపువాలో (బొటనవేలితో కిందికీ పైకీ మీటే పద్ధతి) బొటనవేలు పైకి వచ్చేటప్పుడు గోరు తీగకి తగులుకుంటోంది. గిటార్ మామూలు క్లాసికల్‌దే, 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు 4 మి.మీ. ఉంది. వేరేది కొనాలా?

పాల్మాస్ సోర్దాస్

51, 46 అంటే చేతిలో లోటేం లేదు, ఇక ఆ అనుమానం వదిలెయ్యండి.

తీగ మార్పు: రెండు వేళ్ళలో నడిమి వేలు పొడుగు. సన్న తీగ మీద చివరి స్వరం నడిమి వేలికీ, లావు తీగ మీద మొదటి స్వరం చూపుడు వేలికీ వస్తే దిగడం సుఖం. తిరగబడితే నడిమి వేలు చూపుడు వేలి మీదుగా వెనక్కి దూకాలి, అక్కడే తడబాటు. అది ఏ వేలితో మొదలుపెట్టామన్న దాని మీద ఆధారపడుతుంది కాబట్టి, ఫాల్సేటాలో తీగ మారే చోటు గుర్తుపెట్టుకుని వెనక్కి లెక్కపెట్టి మొదటి వేలు నిర్ణయించుకోండి. మధ్యలో ఎడమ చేత్తో ఒక లిగాదో (కుడి చేత్తో మీటకుండా ఎడమ వేలితోనే పలికించే స్వరం) పెట్టినా వరస సర్దుకుంటుంది. ఎప్పుడూ తప్పించుకోలేం కాబట్టి కష్టమైన దాటుడుని కూడా విడిగా చెయ్యాలి: ఒకటో తీగ మీద రెండు, రెండో తీగ మీద మూడు, అంతే ఐదు స్వరాల ముక్క. ఇంకొకటి, తీగ మారినప్పుడు వేళ్ళు చాపి అందుకోకండి. మోచేతి నుంచి ముంజేయి మొత్తం కొంచెం జరగాలి, అప్పుడు వేళ్ళ వంపు అన్ని తీగల మీదా ఒకేలా ఉంటుంది.

అల్సాపువా: మూడు దెబ్బలు. బొటనవేలు లావు తీగ ఒక్కదాన్ని మీటి పక్క తీగ మీద వాలడం, అక్కణ్ణుంచి రెండు మూడు తీగల మీదుగా కిందికి, తిరిగి పైకి. కిందికి వెళ్ళే దెబ్బతో ఉంగరం వేలు గోల్పే (గిటార్ పై చెక్క మీద తట్టు) కలుస్తుంది, అది తర్వాత పెట్టుకోండి. బొటనవేలు నిటారుగా ఉండాలి. కదలిక తలుపు గడియ తిప్పినట్టు ముంజేతి తిరుగుడు నుంచి రావాలి, కొస కణుపు మడిస్తే తగులుకోక తప్పదు. గోరు అరచేతి వైపు నుంచి చూస్తే కండ దాటి మిల్లీమీటరున్నర మించకూడదు. గాజు ఆకురాయితో ఆకారం తెచ్చి, 1000 తర్వాత 2000 నంబరు నీళ్ళ కాయితంతో అంచు కిందవైపు కూడా నున్నగా చెయ్యండి. పైకి వచ్చేటప్పుడు తీగ జారాల్సింది ఆ కిందవైపు మీదే, అక్కడ గరుకుంటే ఎంత సాధన చేసినా పట్టుకుంటుంది. గోళ్ళు పలచనైతే సూపర్ గ్లూ సన్నటి పూత వేసుకునేవాళ్ళు చాలామంది, చర్మానికీ గోరు మొదలుకీ తగలకుండా.

గిటార్: కొత్తది ఇప్పుడే వద్దు. ఫ్లమెంకోకి 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 3, ఒకటో తీగ 2.5 మి.మీ. దగ్గర ఉంటే చాలు. మీది 4, అంటే ప్రతి స్వరానికీ ఎడమ చెయ్యి ఎక్కువ నొక్కుతోంది, ఆ బిగువే కుడి చేతికి పాకుతుంది. బ్రిడ్జి మీద ఉన్న తెల్ల శాడిల్ (తీగలు ఆనే పట్టీ) తీసి అడుగు వైపు అరగదియ్యాలి. 12వ ఫ్రెట్ దగ్గర 1 మి.మీ. తగ్గాలంటే శాడిల్ 2 మి.మీ. తగ్గాలి. ఒకేసారి తీసెయ్యకండి. అర మిల్లీమీటరు చొప్పున, చదునైన గాజు మీద 220 కాయితం పరిచి, పెన్సిల్ గీత పెట్టుకుని. అడుగు వంకరపోతే శబ్దం చచ్చిపోతుంది. ముందు ఇంకో శాడిల్ కొని దగ్గర పెట్టుకోండి, పాతది పాడైనా భయం ఉండదు. శాడిల్‌లో అంత తీసే జాగా లేకపోతే గిటార్ పనివాడికి చూపించండి. గట్టిగా కొట్టినప్పుడు కొంచెం జీర వస్తుంది, ఫ్లమెంకోలో అది ఉండాల్సిందే. గోల్పే మొదలుపెట్టే ముందు పై చెక్క మీద గోల్పెయాదోర్ (చెక్కని తట్టు నుంచి కాపాడే పలచని) రేకు అతికించుకోవాలి. పాతకాలపు లక్క పాలిష్ ఉన్న గిటార్‌కి మాత్రం అడక్కుండా అతికించొద్దు, తీసేటప్పుడు పాలిష్ ఊడొస్తుంది.

వేళ్ళు వాటంతట అవే ముడుచుకోవడం, ఒక వేలు చెప్పినమాట వినకపోవడం లాంటిది ఎప్పుడైనా కనిపిస్తే గిటార్ పక్కన పెట్టి నరాల వైద్యుణ్ణి కలవండి. అతి సాధన చేసేవాళ్ళలో డిస్టోనియా (కండరాలు అదుపు తప్పే నరాల జబ్బు) వస్తుంది, దాన్ని ఇంకా సాధనతో గెలవాలని చూస్తే ముదురుతుంది.

తకిట తక

11 దొరికింది కాబట్టి ఇంకొక్కటి. ఫాల్సేటా చివర 10 మీద స్వరం పడగానే కుడి అరచేత్తో తీగలన్నీ మూసెయ్యండి, 11 మీద నోటితో "క" అనండి, 12 మీద గోల్పే లేదా దెబ్బ. పది రోజులు ఫాల్సేటా ఏదైనా ముగింపు ఇదే. అలవాటయ్యాక నోరు ముయ్యండి, చెయ్యి మాత్రం 11 మీద ఆగనివ్వండి. తర్వాత పాల్మాస్ ట్రాక్‌ని ఫాల్సేటా మధ్యలో ఎవరితోనైనా నాలుగు కొంపాస్‌ల పాటు మ్యూట్ చేయించి తిరిగి పెట్టించండి. ట్రాక్ తిరిగొచ్చేసరికి మీ 10, దాని 10 ఒకచోట ఉంటే 16 కొంపాస్‌లకి పెంచండి.